మీసాల చేపలు, మేస్త్రీ ఇసుక

ఇసుక గురించి తనకు చెప్పగల మొనగాడు వరంగల్లులో ఇంకా పుట్టలేదని కొత్తవాడ యాకయ్య మేస్త్రీ నమ్మకం. ముప్పై రెండేళ్లు గోడలు కట్టిన మనిషి. ట్రాక్టర్ రాగానే గుప్పెడు ఇసుక తీసి, పిడికిలి చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. కరకరమంటే దించమనేవాడు. చప్పుడు లేకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతే, "గిది గోడకు పనికిరాదు, మలుపు బండి" అనేవాడు. ఇల్లు కట్టించుకునే ఆసామి పక్కనే నిలబడి ఉన్నా ఆఖరి మాట యాకయ్యదే.

కిందటేడు మోకాలు మొరాయించింది. మళ్లీ పరంజా ఎక్కితే నడక కూడా పోతుందని దవాఖానలో చెప్పేశారు. యాకయ్య ఇంట్లో కూర్చున్నాడు. ఊరికే కూర్చుంటే బాగుండేది. భార్య సోమక్క పిండి కలుపుతుంటే నీళ్లెక్కువయ్యాయనేవాడు. ముగ్గు వేస్తుంటే గీత వంకరపోయిందనేవాడు. రెండు వారాలు ఓర్చుకుని సోమక్క కూతురికి ఫోన్ చేసింది.

"రమ్యా, మీ బాపుకు ఏదన్న పని చూపియ్యి బిడ్డా. లేకుంటె నేనే పరంజ ఎక్కుత."

హన్మకొండలో టీచరుగా పనిచేసే రమ్య ఆ ఆదివారం తండ్రికి రెండడుగుల అద్దాల తొట్టి కొనిచ్చింది. చేపలు చూపిద్దామని సుభాషిణి అనే ఆవిడ నడిపే అక్వేరియం దుకాణానికి తీసుకెళ్లింది. యాకయ్య రంగురంగుల చేపలన్నీ దాటుకుంటూ పోయి, అడుగున తచ్చాడే చిన్న చేపల ముందు ఆగిపోయాడు. నోటికి అటూ ఇటూ బుల్లి మీసాలు. ఆయన తన మీసం ఓసారి దువ్వుకుని, "ఇవే కావాలె" అన్నాడు.

"మంచిగ ఎంచుకున్నరు కాకా. వీటిని కోరీలంటరు. ఆరు తీసుకోండ్రి, గుంపుల ఉంటెనే ధైర్నంగ తిరుగుతయి. ముందుగాల తొట్టి తయారు చేసుకోండ్రి, చేపలు తర్వాత ఇస్త. అడుగుకు మాత్రం వీటికి తగ్గ ఉసికె..."

"ఉసికెనా!" ఇసుక మాట చెవిన పడగానే యాకయ్య నవ్వాడు. "బిడ్డా, నువ్వు పుట్టకముందు సంది నేను ఉసికెలనే ఉన్న. గా ముచ్చట నాకు ఇడిసిపెట్టు."

సుభాషిణి రమ్య వంక చూసింది. రమ్య పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది.

యాకయ్య తనకు తెలిసిన వాటిలోకెల్లా గట్టి ఇసుకే తెచ్చాడు. రాయిని మరపట్టి తీసిన రోబో సాండ్. ప్రతి రవ్వకూ అంచులుంటాయి, సిమెంటును కరిచి పట్టుకుంటుంది. కడగడం దానికి అవమానమనుకున్నాడో ఏమో, అలాగే పోసి నీళ్లు పట్టాడు. తొట్టి గంజిలా తెల్లబడింది. సోమక్క పొద్దున లేస్తూనే కళ్లు చికిలించి చూసి, "చేపలు తెస్తవా, లేకుంటె పోపు పెట్టాల్నా?" అని అడిగేది. వారానికి తేటపడింది. ఆ తర్వాత ఇంకొన్ని రోజులాగి చేపలు తెచ్చారు. యాకయ్య గెలిచినవాడిలా కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు వేసుకున్నాడు.

నెల గడిచాక సోమక్కే మొదట గమనించింది.

"ఏమయ్యా, జర గిటు చూడు. వీటి మీసాలేమైనయి?"

చూశాడు. ఆరింటికీ మీసాలు సగానికి అరిగిపోయాయి. ఒకదానికి మూతి ఎర్రగా కందింది. మేతకోసం ఇసుకలో తవ్వడం మానేసి అన్నీ ఓ మూల నక్కి ఉన్నాయి. యాకయ్య ఆ పూట అన్నం సగంలోనే వదిలేశాడు. గుప్పెడు ఇసుక పొట్లం కట్టుకుని ఆటో ఎక్కాడు.

సుభాషిణి ఆ ఇసుకను వేళ్ల మధ్య రాసి చూసింది.

"గోడకైతె ఇది మస్తుంటది కాకా. కాని ఇవి పొద్దంత మూతితోని తవ్వుతనె ఉంటయి. అంచులుంటె కోసుకుపోతది. వీటికి నున్నటిది, గుండ్రటిది కావాలె. పిడికిట్ల పట్టుకుంటె జారిపోవాలె."

యాకయ్య పొట్లంలోంచి చిటికెడు తీసి తనూ నలిపి చూశాడు. "అంటే... నేను ఇన్నేండ్లు ఎనక్కి పంపిన ఉసికె."

"గదే కాకా."

యాకయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇంకేం చూడాల్నో చెప్పు బిడ్డా. గా ఎర్ర రాళ్లు, నీలం రాళ్లు పెడితె?"

"చూడనీకె బాగుంటయి. కాని వీటికి తవ్వనీకె రాదు, సందులల్ల మేత ఇరికి కుళ్లుతది. ఇంకోటి, ఉసికె మీద నిమ్మకాయ పిండి చూడండ్రి. నురగొస్తె అండ్ల సున్నమున్నట్టు. అది నీళ్లల్ల కలిస్తె నీళ్ల గుణమే మారుతది, వీటికి పడదు. మంచిది దొరికేదాక అడుగు ఖాళీగ ఉంచుండ్రి, ఫికర్ లేదు."

ఇంటికి రాగానే యాకయ్య పాత ఇసుకంతా ఎత్తిపోశాడు. మర్నాటినుంచి డాబా మీద కొత్త కొలువు మొదలైంది. తెలిసిన ప్రతి మేస్త్రీ దగ్గర్నుంచీ గుప్పెడు తెప్పించాడు. సోమక్క అన్నం తల్లెల్లో తొమ్మిది కుప్పలు, ఒక్కోదాని మీద నిమ్మచెక్క. నత్తగుల్లల ముక్కలున్న రెండు నురగ కక్కాయి. కొన్ని గరుకు, కొన్ని మరీ దుమ్ము.

"నిమ్మకాయలన్ని ఉసికెకే పోతానయి. పులిహోర దేంతోని చెయ్యాలె, సిమెంటుతోనా?" అంది సోమక్క.

చివరికి ములుగులో జీపు నడిపే పాత దోస్తు పోశయ్య, తన చేను పక్క వాగులోంచి ఓ బకెట్ పంపాడు. గసగసాల్లా నున్నటి గింజలు. యాకయ్య చెవి దగ్గర పెట్టుకుని నలిపాడు. చప్పుడే లేదు. జన్మలో మొదటిసారి ఆ మౌనం ఆయనకు నచ్చింది. రెండు జల్లెళ్లు పట్టి దుమ్మూ తీశాడు, గులకా తీశాడు. నీళ్లు తాగేంత తేటగా వచ్చేదాకా పదకొండు సార్లు కడిగాడు. రెండంగుళాల మందాన తొట్టిలో పరిచాడు.

పరిచి ఊరుకుంటే మేస్త్రీ ఎందుకవుతాడు? గాజు గొట్టంలో బుడగ ఉండే రసమట్టం తెచ్చి అద్దానికి ఆనించి, తాపీతో ఇసుకను చదును చేశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తెల్లారి చూస్తే ఇక్కడో గుంత, అక్కడో మిట్ట. మళ్లీ చదును చేశాడు. మళ్లీ తవ్వేశాయి. ఐదు రోజులు సాగిందీ పోరు. ఐదోరోజు పొద్దున తాపీ పట్టుకుని నిలబడి ఉండగా, ఓ చేప కళ్లదాకా ఇసుకలో మునిగి, నోట్లోకి తీసుకున్న ఇసుకను చెంపల పక్కనుంచి పొగలా వదిలింది. యాకయ్య అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తాపీ కడిగి సంచిలో పెట్టేశాడు.

మీసాలు మెల్లమెల్లగా మళ్లీ మొలిచాయి. పోశయ్య వాగు ఇసుక సంగతి తెలిసి, సుభాషిణి కొత్తగా కోరీలు కొనేవాళ్లను యాకయ్య దగ్గరికి పంపుతోంది. ఆయన డాబా మీద జల్లెడ పట్టి చూపిస్తూ గంటసేపు చెబుతాడు. వాళ్లు పది నిమిషాలకే వాచీలు చూసుకుంటారు.

మొన్నొక పొద్దున ఎవరికో ఇసుకిచ్చి మెట్లు దిగుతుంటే లోపల సోమక్క గొంతు వినిపించింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. తొంగి చూస్తే ఆవిడ తొట్టి ముందు ఆయన కుర్చీలోనే కూర్చుని ఉంది.

"అందరు తిన్నరు, నువ్వొక్కదానివే గట్ల మూలకుంటవేంది? రా తల్లీ, జరంత తిను."

యాకయ్య చప్పుడు చెయ్యకుండా రెండు మెట్లు వెనక్కి ఎక్కి, గట్టిగా దగ్గి, మళ్లీ దిగాడు.