జానెడు లోతులో మంచినీళ్లు

గురువారం ఉదయం అయిదూ నలభైకి గుడివాడ స్టేషన్లో బందరు పాసింజరు ఎక్కాం, నేనూ మా వారూ. ఆయన భుజాన మిలటరీ డేరా, చేతిలో పొట్టి పార, మెడలో విజిలు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు కాబట్టి విజిలు లేకుండా పక్క వీధిక్కూడా వెళ్లరు. నా చేతిలో అటుకుల సంచీ, చెంగున ముడేసిన ఒక కాగితం. ఈ ప్రయాణమంతా ఆ కాగితం కోసమే.

అది నా ఉద్యోగం ఆర్డరు. దివిసీమ చివర, సముద్రపొడ్డున ఉన్న ఒక పల్లెపాలెం బడికి నన్ను టీచరుగా వేశారు. చేరతాననో వద్దనో సోమవారానికల్లా బందరు ఆఫీసులో రాసివ్వాలి. ట్రైనింగయ్యి రెండేళ్లు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని, ఆర్డరు చూసి ఎగిరి గంతేశాను. మా అత్తగారు మాత్రం కాగితం చదివించుకుని విని ఒక్కటే మాట అడిగారు.

“తాగడానికి నీళ్లున్నాయా అక్కడ?”

ఆవిడ ఊరికే అడగలేదు. ఆవిడ పుట్టిల్లు బంటుమిల్లికి దిగువన ఒక చవిటి ఊరు. వాళ్ల నాన్నగారు నూతి మీద నుయ్యి తవ్వించారట. ఎంత లోతుకి వెళ్తే అంత ఉప్పన. ఎనిమిదేళ్లప్పటి నుంచి పెళ్లయ్యేదాకా ఆవిడ ఒక చిన్న ఇత్తడి బిందె చంకన పెట్టుకుని రోజూ కోసు దూరం నడిచి మంచినీళ్లు తెచ్చేవారు. ఆ బిందె ఇప్పటికీ మా వంటింటి బల్ల మీద ఉంటుంది. పండక్కి పండక్కి ఆవిడే తోముతారు, ఇంకొకరిని ముట్టుకోనివ్వరు.

“నేను మోసింది చాలు. నా కోడలు ఆ నడక నడవడానికి వీల్లేదు,” అన్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, “వెళ్లి చూసిరా. నీళ్ల మాట మాత్రం నాకు అబద్ధం చెప్పకు,” అన్నారు. ఆయన సరేనన్నారు. నేనూ వస్తానన్నాను. ఉండబోయేది నేనైతే చూసొచ్చేది ఆయనొక్కరేనా? ఆ దారిలో బస లేదు, సత్రం లేదు. అందుకని ఆయన ఎప్పుడో మోజుపడి కొన్న డేరాకి ఇన్నాళ్లకి మోక్షం వచ్చింది.

పెడన స్టేషన్లో బండి ఆగింది రెండు నిమిషాలే. మా అమ్మ అరిటాకు పొట్లంలో పులిహోర పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద కాచుకుని ఉంది. మా నాన్న కలంకారీ అద్దకం పనివాడు, అప్పటికే కాలవ దగ్గర గుడ్డలు ఉడకేసే పనిలో ఉన్నాడట. రంగు వెయ్యబోయే ముందు ఏ రోజుకారోజు కాలవ నీళ్లు నాలిక మీద వేసుకుని చూడటం ఆయన అలవాటు. నీళ్లు బాగోకపోతే రంగు నిలవదు. “అక్కడి నీళ్లు రుచి చూడకుండా నిర్ణయం చెయ్యొద్దన్నాడు మీ నాన్న,” అని అమ్మ కిటికీలోంచి కబురు అందించింది. చూశారా, ఇటు వాళ్లదీ అటు వాళ్లదీ నీళ్ల గొడవే.

ఏడున్నరకి బందరు. లడ్డూలు కొనకుండా బందరు దాటితే పాపం కాబట్టి కొన్నాం. ఎనిమిదిన్నరకి బస్సు. పులిగడ్డ దగ్గర కింద కృష్ణ పాయ, ఆ పైన తొట్టిలో పారే కాలవ చూసి, నదిని దాటించి నీళ్లు పంపే మనిషి తెలివికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అవనిగడ్డలో భోజనం బాగుంది. గోంగూర పచ్చడి అడిగితే రెండోసారి కూడా వేశారు. అక్కణ్ణుంచి కోడూరు బస్సులో మా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మేం వెళ్లే చోటు విని నవ్వాడు.

“అక్కడ పిట్ట కూడా నీళ్లు తెచ్చుకునే వాలుతుందండీ,” అన్నాడు. మా వారు నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ మాటకి భయపడి కోడూరులో చెరువు నీళ్లు రెండు మిలటరీ సీసాలనిండా, ఒక కూజానిండా పట్టాం. ఎడ్లబండి కట్టించుకుని హంసలదీవి చేరేసరికి నాలుగున్నర. మాఘ పౌర్ణమి తీర్థం అయిపోయిన వారం కాబట్టి జనం లేరు. నది సముద్రంలో కలిసే చోట నిలబడితే ఏది నదో ఏది కడలో కాసేపు తెలియదు. తర్వాత ఒక గీత కనిపిస్తుంది, ఇటు మట్టి రంగు, అటు నీలం. మా వారు డేరా వేస్తూ “అటెన్షన్” అని గుంజకి చెప్పారు. అది వినలేదు, రెండుసార్లు పడింది. తాను దూర కంత లేదు మెడకో డోలు అని నేను అంటే, మూడోసారి గట్టిగా నిలబెట్టి విజిలు వేశారు.

శుక్రవారం పొద్దున్న మేం చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. కాలవ గట్టున పుట్టి పెరిగిన వాళ్లం. చెయ్యి చాపితే నీళ్లు. మొహాలు కడిగాం, గిన్నెలు తోమాం, బూట్లు తొడిగే ముందు ఆయన పాదాలు కడుక్కున్నారు, నేను కూజాలో అడుగున మిగిలినవి మొక్కకి పోసినట్టు ఒక తుప్పకి పోసి కూజా దులిపాను. ఆరున్నరకి సముద్రాన్ని ఎడమచేతి వైపు పెట్టుకుని పర్రలో నడక మొదలెట్టాం. ఎనిమిది మైళ్లు. చేతిలో ఉన్నది ఒక సీసా, ఇంకో అర సీసా.

పర్ర అంటే ఉప్పు తేరిన మైదానం. నేల తెల్లగా పొరలు లేచి, అడుగు వేస్తే అప్పడం విరిగిన చప్పుడు. అక్కడక్కడ మోకాలెత్తు ఎర్రటి ఉప్పుమొక్కలు తప్ప చెట్టనేది లేదు. గుడివాడలో ఎటు చూసినా ఏదో ఒకటి అడ్డం, మిల్లు గొట్టమో పక్కింటివాళ్ల దొడ్డో. ఇక్కడ నా చూపుకి అడ్డం వచ్చింది మా వారి టోపీ ఒక్కటే. ఇంత చోటు ఈ భూమ్మీద ఉందని నాకెవరూ చెప్పలేదు. నాకు పాట పాడాలనిపించింది, పాడాను కూడా. ఆయన నవ్వుతూ పాటకి అడుగులు కలిపారు. పెళ్లయిన మూడేళ్లలో మేమిద్దరం పక్కపక్కన నడిచింది అదే మొదటిసారి. ఊళ్లో అయితే ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక.

తొమ్మిదిన్నర దాటాక దూరంగా చెరువు కనిపించింది, గట్టు మీద తాటిచెట్లతో సహా. చెరువు ఎండమావి. తాటిచెట్లు మాత్రం నిజం. అవి ఇసుక దిబ్బ మీద ఉన్నాయి. అక్కడికి చేరేసరికి పదకొండున్నర అయింది, సీసాలు రెండూ ఖాళీ. నా నాలిక అంగిట్లో అతుక్కుపోయింది. దాహం వేసినప్పుడు నుయ్యి తవ్వినట్టు అని సామెత. మా వారు దాన్ని అక్షరాలా చేసి చూపించారు.

పార తీసి దిబ్బ వారన తవ్వడం మొదలెట్టారు. జానెడు తవ్వగానే ఇసుక తడిసింది. కాసేపటికి నీటి చెమ్మ ఊరింది. నేను ఆగమన్నాను. “ఇది పైచెమ్మ. అసలు ఊట ఇంకా కింద ఉంటుంది. మా తాతగారు తవ్వించిన నూతులు నీకేం తెలుసు?” అని నడుం లోతుకి దిగారు. నీళ్లు బుడబుడా వచ్చాయి. దోసిట్లో పట్టి నాలిక మీద వేసుకున్నాను. సముద్రం కంటే ఉప్పన. ఆయనా రుచి చూసి, పార మీద చేతులు ఆనించారు.

“అమ్మకి ఏం చెప్పాలో తేలిపోయింది,” అన్నారు.

చెంగు ముడి తడుముకున్నాను. రెండేళ్లు ఎదురుచూసిన కాగితం ఆ గోతిలో పూడ్చిపెట్టాల్సిందే అనుకున్నాను.

అప్పుడు దిబ్బ మీంచి ఒకావిడ దిగి వచ్చింది. యాభై దాటి ఉంటాయి, నెత్తిన ఖాళీ చేపల తట్ట, చేతిలో కుండ. పేరు నాంచారమ్మ అని తర్వాత తెలిసింది. గోతిని చూసి, మమ్మల్ని చూసి, వేలు ముంచి నాకి ఉమ్మేసింది.

“ముందు ఆ గొయ్యి పూడ్చండి బాబూ,” అంది. “ఈ దిబ్బ కింద ఉప్పు పడుకుని ఉంటది. దాన్ని లేపారు మీరు. పక్క దొరువులు కూడా చెడిపోతాయి.”

మా వారు నోరెత్తకుండా పూడ్చారు. ఆవిడ పదడుగులు పక్కకి వెళ్లి, చేత్తోనే ఇసుకని వెడల్పుగా తోడింది. వెడల్పు చాటంత, లోతు జానెడే. దీన్నే వాళ్లు దొరువు అంటారు. తోడి, కూర్చుని, మా ఊరూ పేరూ అడుగుతూ తీరుబడిగా ఆగింది. వాన నీళ్లు తేలిక గనక ఇసుకలో పైన నిలుస్తాయని, ఉప్పునీళ్లు కింద ఉంటాయని చెప్పింది. మొదట ఊరినవి పారబోసి, తర్వాత తేరినవి కొబ్బరి చిప్పతో పైపైన ముంచి నా దోసిట్లో పోసింది. తాగాను. మా నాన్న గుర్తొచ్చాడు. మా కాలవ నీళ్ల కంటే తియ్యగా ఉన్నాయి. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

ఒక్కో దొరువులో సగం కుండే ముంచుతారట. మళ్లీ రేపటిదాకా దాన్ని కదపరు. ఎంత పని తొందరున్నా, ఇంట్లో పెళ్లి జరుగుతున్నా పాలెంలో ఎవరూ ఆ కట్టుబాటు తప్పరని చెప్పింది. నేనెవరో తెలిశాక మాత్రం ఆవిడ మొహంలో సంతోషం కనిపించలేదు. ముగ్గురు పంతుళ్లు ఇలాగే వచ్చారని, తెచ్చుకున్న నీళ్లు అయిపోగానే వెళ్లిపోయారని చెప్పింది.

“మీరూ చూసి వెళ్లిపోతారా?” అని అడిగింది. నేను మా వారి వైపు చూశాను. ఆయన దొరువు వైపు చూస్తున్నారు.

పాలెంలో ముప్ఫై గుడిసెలు, చివర తాటాకు పందిరి. అదే బడి. నల్లబల్లకి ఉప్పుగాలి తగిలి అంచులు చివికిపోయాయి గానీ, పందిరి కింద ఇసుక రోజూ ఊడుస్తున్నట్టుంది, చీపురు గీతలు తాజాగా ఉన్నాయి. పంతులు లేని బడిని ఎవరు ఊడుస్తున్నారని అడిగితే, వంతులు వేసుకున్నామన్నారు పాలెం వాళ్లు. డేరా దాని పక్కనే వేసుకున్నాం. రాత్రికి నాంచారమ్మ ఇంటి నుంచి కానగంత చేపల పులుసు వచ్చింది. అంత మంచి పులుసు నేను బందరులో కూడా తినలేదు.

శనివారం అక్కడే ఉన్నాం. పొద్దున్నే ఆడవాళ్లతో దిబ్బకి వెళ్లి నేనే దొరువు తోడాను. చెయ్యి అలవాటుగా లోపలికి పోతుంటే నాంచారమ్మ మణికట్టు మీద తట్టింది. మొదటిది కాస్త ఉప్ప తగిలింది. రెండోది కుదిరింది. తర్వాత ఒడ్డున ఎర్రపీతలు వేలకి వేలు మా అడుగుల చప్పుడికి ఒక్కసారిగా బొరియల్లో దూరడం, తెప్పలు అల మీంచి జారి వచ్చి ఇసుకలో ఆగడం చూస్తూ పూటంతా గడిపాం. వెళ్లదలచిన వాళ్లకి ఒక మాట. చెప్పులు వద్దు, గొడుగు తప్పదు, పాలెం వాళ్లని అడగకుండా గొయ్యి తవ్వకండి.

సాయంత్రం మా వారు నడిచి నడిచి వచ్చి పక్కన కూర్చున్నారు. “నువ్విక్కడ, నేనక్కడ,” అన్నారు. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. తర్వాత, శనివారం బడి విడిచాక బయల్దేరితే పాలెం వాళ్లు చెప్పిన దగ్గరదారిన నాగాయలంక నుంచి వెన్నెల్లో నడిచి రావచ్చుననీ, చీకటి వారాల్లో లాంతరు తెచ్చుకుంటాననీ తనలో తనే లెక్కేసుకున్నారు. మళ్లీ వాళ్లమ్మ గుర్తొచ్చినట్టుంది. “చెబితే నమ్ముతుందా?” అన్నారు.

“మీరేం చెప్పకండి. నీళ్లే ఇద్దాం,” అన్నాను.

ఆదివారం తెల్లారకముందే దొరువు తోడి ఒక సీసా నింపాను. ఆరింటికి బయల్దేరి, మడ అడవి పక్కన గట్టు పట్టుకుని నడిస్తే పదిన్నరకి నాగాయలంక. పదకొండుకి బస్సు, రెండున్నరకి బందరు, నాలుగింటికి బండి. పెట్టెలో ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ నా సీసా చూసి గుక్కెడు నీళ్లు అడిగింది. నీళ్లు అడిగిన మనిషికి లేవని చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పెడనలో మా వారు దిగి, పరిగెత్తి, కుళాయి దగ్గర చెంబు నింపి తెచ్చిచ్చారు. కిటికీ బయట కాలవలు, పచ్చటి చేలు, ఎక్కడ పడితే అక్కడ నీళ్లు. మూడు రోజుల కిందట ఇదే దారిన పోతూ నేను వాటిని చూడనైనా లేదు.

గుడివాడ ఇంటికి చేరేసరికి ఆరున్నర. అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. కొడుకు మొహం చూశారు. నేను గ్లాసు తెచ్చి సీసా వంచి ఇచ్చాను. నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకుని మింగారు. మిగిలినవి కూడా తాగేశారు.

“ఎవరు తోడారు?”

“నేనే అత్తయ్యా.”

“ఎంత లోతు?”

బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపించాను. ఆవిడ నా చేతిని చాలాసేపు చూశారు. “మా నాన్న ఆరు బారలు తవ్వించాడు,” అన్నారు మెల్లిగా. “పైన తడి కనపడ్డప్పుడల్లా ఇంకా లోతుకి, ఇంకా లోతుకి అనేవాడు.”

సగం కుండ కట్టుబాటు సంగతి చెప్పాను. విన్నారు. లేచి వంటింట్లోకి వెళ్లారు. బల్ల మీంచి ఆ ఇత్తడి బిందె దించి, కొంగుతో తుడిచి, తెచ్చి నా ముందు పెట్టారు.

“సగమే ముంచు,” అన్నారు.