మూడు పాత సర్వర్లు, ఒక వైర్లాయన

మా స్కానింగ్ సెంటర్లో సగం మందికి వైర్లాయన ముఖమే తెలియదు. కంప్యూటర్లూ వాటి వైర్లూ చూసుకుంటూ మెట్ల కింద గదిలో ఉండేవాడు. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మనిషే. రిపోర్టులు టైపు చేసే నా బల్ల ఆ గది గుమ్మం పక్కనే కాబట్టి నాకు తెలుసు.

తీసిన స్కాన్ ఏ గదిలో అడిగితే ఆ గదిలో డాక్టర్ల తెర మీదికి రావాలి. అందుకు స్కాన్లన్నీ దాచే పెద్ద స్టోరేజీ కొనమని ఆయన రాసిచ్చిన కాగితాన్ని మేనేజరు మడతపెట్టి, ఊగే బల్ల కాలి కింద పెట్టుకున్నాడు. "ఉన్నదాంతో సర్దుకోవయ్యా," అన్నాడు. సరేనని వైర్లాయన పాతసామాన్ల గదిలోంచి మూడు సర్వర్లు ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుతో కలిపాడు. ఏ ఫైలైనా మూడింటిలోనూ ఒక్కో కాపీ ఉంటుంది. ఒకటి పడుకున్నా మిగతా రెండూ పని నడిపిస్తాయి. ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక్క స్కాన్ పోతే ఒట్టు!

అదే ఆయన కొంప ముంచింది.

ఈ ఏడు ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు వచ్చింది. పోటీ రెండో బ్రాంచి ఆయనతో. అక్కడున్నది ఒకే సర్వరు. వారానికోసారి పడిపోతుంది. పడ్డప్పుడల్లా ఆయన చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ వరండా అంతా పరిగెడతాడు. "పనిమంతుడంటే వాడయ్యా!" అని మేనేజరు మా దగ్గరికొచ్చి మరీ పొగుడుతాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున నేనే అన్నాను: "నువ్వూ ఒకసారి పడగొట్టు తమ్ముడూ, అప్పుడు గానీ నీ విలువ తెలియదు వీళ్లకి."

"మా ఆవిడా అదే అంటోందక్కా. ఈసారీ రాకపోతే వాళ్లన్నయ్య కొట్లో కూర్చోవాలట."

కాసేపు గోళ్లు కొరికి, లేచి, ఒక సర్వరు వైరు పీకేశాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి ఫోను వంక చూశాం. పది నిమిషాలు. అరగంట. ఎవరూ కిమ్మనలేదు. పైన డాక్టరమ్మ స్కాన్ల మీద స్కాన్లు చూస్తూనే ఉన్నారు.

"చూశావా అక్కా, ఎంత బాగా నడుస్తోందో!" అని ఆయన ముఖం వెలిగిపోయింది. పిచ్చి మారాజు! ఉద్యోగం చెయ్యిజారిపోతుంటే మురిసిపోతున్నాడు.

"రెండోదీ పీకు," అన్నాను.

"కనీసం రెండైనా లేకపోతే ఇది నడవదు, అదీ పీకితే అన్నీ ఆగిపోతాయక్కా. పైన ఎవరి ప్రాణం మీదకొచ్చిందో ఏమో," అని మొదటి వైరు కూడా తిరిగి గుచ్చేసి ఇంటర్వ్యూకి వెళ్లాడు.

మేనేజరు అడిగింది ఒకటే ప్రశ్నట: "ఈ నాలుగేళ్లలో మమ్మల్ని ఎన్నిసార్లు గట్టెక్కించావు?"

"ఆ అవసరమే రాలేదు సార్," అన్నాడట.

పోస్టు రెండో బ్రాంచి ఆయనకిచ్చారు. వైర్లాయన వెళ్లి వాళ్లావిడ అన్నయ్య కొట్లో చేరాడు. కొత్తాయన వస్తూనే, "ఒకే ఫైలు మూడు చోట్లా? శుద్ధ దండగ!" అని రెండు సర్వర్లు తీయించి, ఒక్కదాంతోనే నడిచేలా మార్చేశాడు. పొదుపు చేశాడని మేనేజరు భుజం తట్టాడు.

పదిహేనో రోజున తెరలన్నీ నల్లబడ్డాయి. పేషెంట్లు వరండాలో బారులు తీరారు. కొత్తాయన చొక్కా చేతులు మడిచి పైకీ కిందకీ పరిగెత్తాడు. మూడు గంటలకి స్కాన్లు తిరిగొచ్చాయి, అదీ సగమే. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నేనూ కొట్టాను.