నానబెట్టిన అడ్డాకు

మా మేనత్త పోయిందని కబురొచ్చినప్పుడు నేను ఖమ్మంలో, నేను పనిచేసే కాలేజీ ఆఫీసుల ఉన్న. అంతకు ముందు దవాఖానాల చూసినప్పుడు "జ్వరమేరా, అదే పోతది" అన్నది. జ్వరం పోలేదు, అత్తే పోయింది. భద్రాచలం బస్సెక్కినంక ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది. ఎవరి మీదనో, మొత్తం చెప్తే మీకే తెలుస్తది.

అత్తది అడవి అంచున ఊరు. మామ జల్దీ పోయిండు. పక్క గూడెం ఆడవాళ్ళు అడవిల కోసుకొచ్చే అడ్డాకులను, వాళ్ళతోపాటే తన వాకిట్ల కూసొని, పుల్లలతో ఇస్తరాకులు కుట్టి బతికింది. నోరు మంచిది కాదు. కుట్టు వంకర పోతే "కండ్లు సంతల అమ్ముకొచ్చినవా?" అనేది. అదే నోటితోటి చాయ్ తాగిపొమ్మనేది.

ఆ వాకిట్ల ఒక పద్ధతి ఉండె. కుట్టు నేర్చుకున్నోళ్ళు ఎవరైనా, తాము చేసిన మొదటి ఇస్తరిల అక్కడే బువ్వ తినాలె. తింటేనే పని వచ్చినట్టు. నేర్చుకుంటనని వచ్చినోళ్ళను కాదనొద్దు. నేను గూడ తిన్న. పులుసంతా నా లాగు మీదికే కారింది. అత్త కడుపు పట్టుకొని నవ్వింది.

ఆ తర్వాత థర్మాకోల్ ప్లేట్లొచ్చినయి. పెండ్లిళ్ళన్నీ తెల్లగయినయి. ఇస్తరాకులు అడిగేటోళ్ళు లేక, కట్టలు చూరు కింద ఎండిపోయినయి. గూడెం ఆడవాళ్ళు మిరపకాయ ఏరే కూలీకి పోవుడు మొదలువెట్టిన్రు.

అప్పుడే పేపర్ల ఒక వార్త చూసిన. పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు పర్యావరణానికి మేలు చేసే తమ పేటెంట్లను అందరికీ వదిలిపెట్టినయట, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునట. ఇంటర్నెట్ సెంటర్ల కూసొని వాటిల వెతికితే, ఆకును రెండు వేడి అచ్చుల నడుమ ఒత్తి ప్లేటు చేసే మిషను బొమ్మ దొరికింది. పేటెంటు అంటే ఏందో అత్తకు చెప్పిన. ఒకరు కనిపెట్టింది ఇంకొకరు చెయ్యకుండ ఆపే హక్కు అని.

"ఏందీ, గిన్నొద్దులు దాచుకున్నరా? పని గూడ దాచుకుంటరా ఎవరన్నా?" అని ముక్కు మీద వేలేసుకున్నది.

ఖమ్మంల లేత్ మిషనాయనతో అచ్చులు చేయించినం. మొదట ఆకు పటపటా పగిలింది. తడిపితే నల్లబడ్డది. బొమ్మల ఆకు ఎట్లుండాల్నో రాసిలేదు. అత్తా, గూడెం ఆడవాళ్ళల్ల పెద్దామె, అందరం పెద్దమ్మ అనేటామే, కలిసి చాలా ఆకులు పాడు చేసిన్రు. చివరికి ఆకు మీద నీళ్ళు చల్లి, తడి గోనెపట్టాల చుట్టి నానబెట్టి, మెత్తబడినంక నీడకు ఆరబెట్టి ఒత్తితే ప్లేటు నిలిచింది. ఆ ఏడు పెండ్లిళ్ళకు మా ప్లేట్లే పోయినయి. మిరపతోటలకు పోయినోళ్ళంతా మళ్ళ వాకిట్లకొచ్చిన్రు.

ఒకనాడు ఖమ్మం నుంచి సేటు ఒకాయన వచ్చిండు. అచ్చులు ఆయన అప్పటికే చేయించుకున్నడు. ఆకు పగులుతుందట, పగలకుండ చేసుడు నేర్పమన్నడు. చెప్పొద్దని అత్తను ఇంట్లకు పిలిచి మొత్తుకున్న.

"వాకిట్లకొచ్చి కూసున్నోన్ని పొమ్మంటనారా? ఆ కంపెనోళ్ళు అందరికీ అన్నంక, సేటుకు కాదని నేనెవర్ని?"

చెప్పింది. ఆయన మొదటి ప్లేటు ఒత్తిండు. అందులోనే పప్పన్నం పెట్టింది. బాగున్నదని మళ్ళ పెట్టించుకున్నడు. పద్ధతి పూర్తయింది.

వానలు పడేలోపల ఖమ్మంల షెడ్డు లేచింది, మిషన్లు వరసగా దిగినయి. సేటు లారీ గూడెం దాకా వచ్చి ఆకంతా ఎత్తుకపోయేది. ఒత్తే పని పోయింది, కోసే కూలీ మిగిలింది. మా ఒత్తే మిషను తుప్పు పట్టింది. గూడెం పెద్దమ్మ వాకిట్ల నిలబడి, "మా నోట్ల మన్ను గొట్టినవ్" అని పోయింది. మళ్ళ రాలే.  అత్త నోరు మూతబడుడు అప్పుడే చూసిన. తర్వాత కుట్టనూ లేదు, ఎవరినీ తిట్టనూ లేదు. నా మటుకు నాకు, అత్త పోయింది దవాఖానాల కాదు.

దినాల నాడు వంటమేస్త్రి ఖమ్మం నుంచి ప్లేట్ల కట్టలు తెచ్చిండు. విప్పితే సేటు షెడ్డువే. తిప్పి పంపుదామంటే అప్పటికే జనం కూసున్నరు, ఇంట్ల ఒక్క ఆకు లేదు.

గూడెం ఆడవాళ్ళు వచ్చిన్రు. పిలవంగనే వస్తరనుకోలేదు. పెద్దమ్మ వరస చివర కూసొని ప్లేటును చేతిలకు తీసుకున్నది. తిప్పి చూసింది. రెండు చేతులతో వంచింది. అది పగల్లేదు.

"గామె నానబెట్టినట్టే నానబెట్టిన్రు," అన్నది, తనల తనే.

అన్నం వడ్డించిన్రు. అందరూ తిని లేచిన్రు. ఆమె తినలేదు, లేవలేదు. చల్లారిన అన్నం ముందట, ఆ ప్లేటు అంచును బొటనవేలితో నిమురుకుంట అట్లనే కూసున్నది.