పీరాంబీ పేనిన గాలపుదారం

బోయిగూడలో పీరాంబీ తెలియని ఆడవాళ్లు తక్కువ. నల్లపూసల తాడు తెగినా, తాయెత్తు దారం నాని పీలికలైనా, ముత్యాల దండ వదులైనా ఆమె దగ్గరికే తెచ్చేవారు. భర్త రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి చనిపోయాక, తల్లి నేర్పిన పట్టుదారం పనితోనే బతికింది. పిల్లల్లేరు. బీదర్ దిక్కున ఒక చిన్న ఊళ్లో గాజుల దుకాణం పెట్టుకున్న తమ్ముడు నాసర్ ఒక్కడే ఆమెకున్న నా అన్న మనిషి. కాలి బొటనవేలికి దారం తగిలించి, మోకాలి మీద అరచేత్తో పేనుతూ కూర్చుంటే గల్లీలో ఎవరు పోతున్నారో అడుగుల చప్పుడుతోనే చెప్పేది. తలెత్తేది కాదు.

చేప అంటే ఆమెకు గంపలో వాకిట్లోకి వచ్చేదే. అలాంటి మనిషి దగ్గరికి పందొమ్మిది వందల నలభై ఎనిమిది జూలైలో పక్క గల్లీ మేబెల్ టీచరమ్మ ఒక తెగిన గాలపుదారం పట్టుకుని వచ్చింది.

మేబెల్ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. తండ్రి సామ్యూల్ గారు చిన్నప్పటి నుంచీ ఆమెను వెంటబెట్టుకుని చెరువులకు తిప్పాడు. ఆయన పోయాక కూడా ప్రతి శనివారం గాలపు కర్రలు, గొడుగు, చద్దన్నం డబ్బా తీసుకుని నేరేడ్‌మెట్ వైపు చెరువుకు వెళ్లేది. గల్లీలో నవ్వుకునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

"చూడు పీరక్కా, పోయిన నవంబర్లో మోచెయ్యంత కొర్రమీను పడింది. గట్టు దాకా వచ్చి పుటుక్కున తెంపుకుపోయింది. ఈ ఏడు గట్టి దారం కావాలి నాకు" అంది.

పీరాంబీ తెగిన కొసను వేళ్ల మధ్య నలిపి చూసింది. "దారం మంచిదే టీచరమ్మా. ముడి కోసింది. గిదేం ముడి, బర్రెను కట్టేసినట్టు! బిగిసినకొద్దీ దారాన్ని దారమే కోస్తది."

"మరెలా కట్టాలంటావు?"

"తాయెత్తుకు మేమొక ముడి ఏస్తం. తడిస్తే ఇంక బిగుస్తది గని దారాన్ని కొరకది. జెర కూసోండ్రి, చూపిస్త."

ఆ సాయంత్రం నుంచి ఇద్దరికీ అదే పని. వానలు తగ్గి, ఎర్రనీళ్లు తేరుకుని, చెరువు అడుగు కనిపించడం మొదలయ్యాకే గాలాలు వేసే కాలం. అందుకు ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. కానీ ఆ ఏడు బజారులో ఏదీ దొరకలేదు. ఇండియన్ యూనియన్ నుంచి నైజాం రాజ్యంలోకి సరుకు రాకుండా దారులు కట్టేశారు. ఉప్పుకే కటకటగా ఉన్నప్పుడు మద్రాసు నుంచి గాలాలెవరు తెస్తారు? మేబెల్ తిరిగి తిరిగి, గోనెసంచులు కుట్టే దబ్బనాలు అరడజను పట్టుకొచ్చింది. పీరాంబీ కుంపటిలోనే వాటిని కాల్చి, నీళ్లలో ముంచి వంచబోయారు. మొదటి మూడూ టక్కున విరిగాయి.

"నీళ్లల్ల ముంచుతరా ఎవరన్న? మా ఆయన చెప్పేటోడు, ఇనుము ఎర్రగ కాలినంక బూడిదల పండుకోబెట్టాలె, మెత్తవడ్డంక వంచాలె. మల్ల కాల్చి నూనెల ముంచితే గట్టివడ్తది" అంది పీరాంబీ. చనిపోయిన భర్త మాట ఎన్నాళ్లకో ఆమె నోట వచ్చింది. నాలుగో దబ్బనం కొక్కెంలా వంగింది. మేబెల్ దాన్ని ఆకురాయితో పదును పెట్టి, వెలుతురుకు పట్టి చూసి, క్లాసులో పిల్లలు సరైన జవాబు చెప్పినప్పటిలా చప్పట్లు కొట్టింది.

నీటి మీద తేలడానికి జొన్నబెండ్లు కోశారు. గాలం మునగడానికి సీసపు ముక్కలను గుండ్లుగా చేశారు. పీరాంబీ మూడు పోగుల పట్టుదారం పేని, మైనం పట్టించి, ముప్పై బారలు చుట్ట చుట్టింది. మేబెల్ పలక మీద చెరువు బొమ్మ గీసి, నాన్న ఎప్పుడూ కట్ట మీది నుంచే వేసేవాడనీ, తాను ఈసారి పడమటి వైపు తుంగలో, ఆకుల సందుల్లో వేస్తాననీ చెప్పింది.

పీరాంబీ పలక మీదికి వంగింది. "చేప కొరికిందని మీకెట్ల తెలుస్తది?"

"బెండు మునుగుతుంది కదా."

"గది మునిగేదాంక ఆగుడెందుకు? దారం ముందుగాల్నే చెప్పదా?"

మేబెల్ నవ్వింది. "నువ్వే వచ్చి చూడు మరి."

"నేనా? యా అల్లా! చెరువు కాడ నాకేం పని" అని పీరాంబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సెప్టెంబరు పదమూడున యూనియన్ సైన్యం రాజ్యంలోకి వచ్చింది. స్కూళ్లు మూసేశారు. ఐదో రోజుకు అంతా అయిపోయిందన్నారు. మర్నాడు సికింద్రాబాద్ రోడ్ల మీద మిలిటరీ బండ్లు వెళుతుంటే కొందరు పూలు చల్లారు, కొందరు తలుపులు బిడాయించుకున్నారు. పీరాంబీ తలుపు మూసే ఉంది. ఊళ్లో ఆమెనెవరూ ఏమీ అనలేదు. కానీ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ముస్లింల ఇళ్లు తగలబెట్టారని, మనుషుల్ని చంపారని గొంతు తగ్గించి చెప్పే మాటలు ఆమె చెవిన పడ్డాయి. ముఖ్యంగా బీదర్ దిక్కు మాటలు. నాసర్ ఆఖరి ఉత్తరం రంజాన్ పండుగకు వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమె దారం ముట్టడం మానేసింది. గుచ్చడానికి వచ్చిన నల్లపూసలు డబ్బాలోనే ఉండిపోయాయి. బక్రీదు వచ్చి వెళ్లింది, ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. స్కూళ్లు తెరిచాక మేబెల్ రోజూ స్కూలు నుంచి వస్తూ ఒక గిన్నెలో ఏదో ఒకటి తెచ్చిపెట్టి, కాసేపు ఊరికే కూర్చుని వెళ్లేది. ఓదార్చే మాటలు ఆమెకు చేతకావు.

పండుగ తర్వాతి శనివారం గాలపు కర్రలతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "లే పీరక్కా. ముడి నువ్వు వేసింది. నిలుస్తుందో లేదో నువ్వే చూడాలి."

"నాకు పానం మంచిగ లేదు టీచరమ్మా."

"నాకూ బాగాలేదు. పద."

"బురఖాల నన్ను చూసి బయట ఎవరన్న ఏమన్న అంటే?"

"నా చెయ్యి వదలకు" అంది మేబెల్.

జట్కాలో దారి పొడుగునా పీరాంబీ ఆ చెయ్యి వదల్లేదు. చెరువు చేరాక మాత్రం ముసుగు ఎత్తి నిలబడిపోయింది. అన్ని నీళ్లను అంత దగ్గరగా, ముసుగు లేకుండా ఆమె ఎన్నడూ చూడలేదు. మేబెల్ ఎర గుచ్చి తుంగ పక్కన గాలం వేసి, కర్ర ఆమె చేతికిచ్చింది. పీరాంబీ కర్ర ఒళ్లో పెట్టుకుని, దారాన్ని మాత్రం చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుంది, రోజూ పట్టుకున్నట్టే.

కాసేపటికి "ఉంది" అంది మెల్లగా.

"బెండు కదల్లేదే!"

"కదలదు. వాసన చూస్తున్నది. ఆగుండ్రి. ఇగ నోట్ల పెట్టుకున్నది. ఇగ!"

ఆమె గుంజింది. కర్ర వంగింది. మేబెల్ చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. నల్లటి కొర్రమీను తుంగను చిందరవందర చేస్తూ గట్టుకు వచ్చింది. దారం తెగలేదు. ముడి కదల్లేదు. పీరాంబీ రెండు చేతులూ బురదతో అలాగే కూర్చుని ఏడ్చింది. నెల రోజులుగా రాని ఏడుపు. మేబెల్ పక్కన కూర్చుంది, చేప వాళ్లిద్దరి మధ్య తోక కొట్టుకుంటూ ఉంది.

ఆ తర్వాత శనివారాలు ఇద్దరివీ అయ్యాయి. మేబెల్ బెండు వాడటం మానేసి, దారం వేళ్ల మధ్య పట్టుకోవడం పీరాంబీ దగ్గర నేర్చుకుంది. పీరాంబీ మళ్లీ నల్లపూసలు గుచ్చసాగింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం పీరాంబీ మోకాలి మీద చెయ్యి ఆగిపోయింది. గల్లీలో ఆ అడుగులెవరివో ఆమెకు తెలుసు, కాని ఎన్నడూ లేనంత నెమ్మదిగా పడుతున్నాయి. వెళ్లి తలుపు తీసింది. గుమ్మంలో నాసర్. చిక్కి సగమయ్యాడు. దుకాణం లేదు. పొలాల వెంట, తెలియని ఊళ్ల వెంట నడుచుకుంటూ వచ్చానన్నాడు. అన్నం పెడితే తినేవాడు. పడుకుంటే మాత్రం చిన్న చప్పుడుకే లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

జనవరిలో ఒక శనివారం అతన్ని కూడా చెరువుకు తీసుకెళ్లారు. చలికాలపు ఎండ గట్టు మీద మెత్తగా పడుతోంది. నాసర్ అక్క పక్కన కూర్చుని, "ఆపా, గింత నీళ్లల్ల ఒక్క చేపను ఎట్ల పడ్తవే?" అని అడిగాడు. వచ్చాక అతను తనంతట తాను అడిగిన మొదటి మాట అది. ఆమె జవాబు చెబుతుండగానే వెనక్కి వాలాడు. కాసేపటికి నిద్రలో అతని ఊపిరి బరువెక్కింది.

పీరాంబీ వేళ్ల మధ్య దారం బిగుసుకుంది. మేబెల్ కూడా చూసింది.

"లాగు పీరక్కా! పెద్దదే!"

పీరాంబీ తల అడ్డంగా ఊపి, వేళ్లు మెల్లగా వదులు చేసింది. దారం జారింది.

"పోనీండ్రి టీచరమ్మా" అంది గుసగుసగా. "తమ్ముడు పండుకున్నడు."

మేబెల్ గొడుగు విప్పి, అతని ముఖం మీద ఎండ పడకుండా గట్టులోకి గుచ్చింది.