నాకు బదులుగా స్వప్న

ఈ జూన్‌లో నేను పీఈటీగా పనిచేసే బడికి కొత్త బేస్‌బాల్ గ్లౌజులు వచ్చాయి. అట్టపెట్టె విప్పగానే తోలు వాసన ఆటసామాను గదంతా పరుచుకుంది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుకుంటున్నారు. నేను ఒక గ్లౌజును ముఖానికి దగ్గరగా పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. కొత్త తోలు గట్టిగా ఉంటుందని, కొబ్బరినూనె రాసి మధ్యలో బంతి పెట్టి తాడుతో కట్టి ఉంచితే చేతికి అలవాటు పడుతుందని నాకు నేర్పింది నర్సింలు సార్. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. కానీ ఆయన గురించి చెప్పాలంటే నా గురించి నాకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. అక్కడికి రాగానే కలం ఆగిపోయేది.

నర్సింలు సార్ కామారెడ్డిలో ఒక బడిలో పీఈటీగా పనిచేసేవారు. బేస్‌బాల్ అంటే మన దగ్గర టీవీలో చూడ్డమే తప్ప ఆడినవాళ్లు తక్కువ. ఆయన ఎక్కడో శిక్షణ శిబిరానికి వెళ్లి నేర్చుకొచ్చి, మాచారెడ్డి నుంచీ రామారెడ్డి నుంచీ వచ్చే ఆడపిల్లలను పోగుచేసి ఒక జట్టు కట్టారు. ఆయన్ని చూసి మా ఎల్లారెడ్డిలో విజయ మేడమ్ మరో జట్టు కట్టింది. నేను ఆ జట్టుదాన్ని. మైదానం వెనక భాగంలో, నడిమధ్యలో నిలబడేదాన్ని. అవతలి వాళ్లు బంతిని దూరంగా కొడితే నేల తాకకముందే ఉరికి పట్టుకోవడం నా పని. ఉరకడంలో నన్ను మించినవాళ్లు లేరు. కానీ ఏ రోజు ఎలా ఆడతానో నాకే తెలిసేది కాదు.

సార్ నన్ను మొదటిసారి చూసిన రోజున రెండూ చేశాను. తల మీదుగా పోతున్న బంతిని వెనక్కి ఉరికి ఒంటిచేత్తో పట్టాను. తరువాత నేరుగా నా ఛాతీ మీదికి వచ్చిన బంతిని జారవిడిచాను. ఆట అయ్యాక ఆయనే నా దగ్గరికి వచ్చారు.

"గంత కష్టమైంది పట్టినవ్. చేతులకొచ్చింది ఇడిసిపెట్టినవ్. ఏమైంది బిడ్డా?"

"అల్కగ వస్తున్నదనుకున్న సార్."

"గదే. అల్కగ వచ్చేదాన్ని నువ్వు లెక్కచెయ్యవ్," అని నవ్వారు. తేలికైన బంతిని నిర్లక్ష్యం చేస్తానని, తిట్టకుండా నా తప్పు నాకు చెప్పిన మొదటి మనిషి ఆయనే.

ఆ తరువాత వారానికి ఆయన నన్ను తన జట్టుకు ఇమ్మని విజయ మేడమ్‌ను అడిగారు. ఒక సీజన్‌లో ఎవరి పేరైనా ఒక జట్టులోనే ఉండాలి. మారాలంటే రెండు జట్ల కోచ్‌లూ, మారే పిల్లలూ కాగితం మీద సంతకాలు చేయాలి. మా క్యాచర్ పెళ్లై వెళ్లిపోయింది. బ్యాట్ పట్టినవాళ్ల వెనక కూర్చుని బంతులన్నీ ఆపే మనిషి లేక మేడమ్ అవస్థ పడుతోంది. "మీ క్యాచర్‌ని ఇయ్యుండ్రి, రజితను తీస్కపొండ్రి," అంది. ఆయన ఒప్పుకోరనే అలా అందని నా అనుమానం. ఎందుకంటే కామారెడ్డి క్యాచర్ స్వప్న. సార్ కూతురు.

స్వప్న నా ఈడుదే, పదిహేడేళ్లు. ఒక్కరోజు సాధన మానిన పిల్ల కాదు. గొప్పగా ఆడిందని ఎవరూ అనేవారు కాదు, చెడ్డగా ఆడిందని కూడా అనేవారు కాదు. సార్ రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. కాగితాల మీద సంతకాలు మా మైదానంలోనే జరిగాయి. స్వప్న పెన్ను పట్టుకుని తండ్రి వైపు చూసింది.

"నేను పోవాల్నా బాపూ?"

"ఒక్క సీజనే బిడ్డా."

ఆమె సంతకం పెట్టింది. నాకు ఆ రోజు ఆమె గురించి ఆలోచనే రాలేదు. నన్ను కావాలనుకున్నారు, నా కోసం సొంత కూతుర్ని ఇచ్చారు అన్న గర్వంతో ఇంటికి గాల్లో తేలుతూ వెళ్లాను.

శని, ఆదివారాలు బస్సెక్కి కామారెడ్డి వెళ్లేదాన్ని. సార్ నాకు పట్టడం నేర్పలేదు. నిలబడటం నేర్పారు. మిగతా పిల్లలు ఆడుతుంటే తానూ వచ్చి నా పక్కన ఎండలో నిలబడేవారు. "ఇప్పుడు బాల్ ఎక్కడున్నది? నీ దిక్కొస్తే ఏ కాలు ముందటేస్తవ్?" అని ప్రతి బంతికీ అడిగేవారు. గంటసేపు ఒక్క బంతి కూడా నా వైపు వచ్చేది కాదు. విసుగొచ్చి, "వస్తలేదు గద సార్," అంటే, "రానప్పుడు నువ్వేం చేస్తున్నవో గదే ఆట," అనేవారు.

కొన్ని రోజులు బుద్ధిగా ఆడేదాన్ని. కొన్ని రోజులు మనసు ఎటో పోయేది. ఆ సీజన్ నడుమ కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ ఆట పడింది. స్వప్న బ్యాటింగ్‌కు వచ్చి బంతిని ఎత్తుగా లేపింది. అది నా చేతుల్లోకే వచ్చింది. ఆ క్షణాన నేను గట్టు మీద కూర్చున్న మా ఊరి పిల్లలను చూస్తున్నాను. బంతి నా గ్లౌజు అంచుకు తగిలి కింద పడింది. స్వప్న మైదానం చుట్టూ ఉరికి బయల్దేరిన చోటికి వచ్చింది, ఆ పరుగుతో మేం ఓడిపోయాం. ఆట అయ్యాక రెండు జట్లూ వరుసగా నిలబడి చేతులు కలుపుకుంటాయి. స్వప్న మా అందరికీ చేయిచ్చింది. తండ్రి దగ్గరికి వచ్చేసరికి దండం పెట్టి, "నమస్తే సార్," అంది. ఆయన చెయ్యి ఇంకా ముందుకు చాచే ఉంది.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం మధ్యాహ్నం సార్ ఎల్లారెడ్డిలో మా ఇంటికి వచ్చారు. ఆ రోజు సాధన లేదు. ఎప్పుడూ ట్రాక్‌ప్యాంటులో కనిపించే మనిషి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. వీపంతా చెమటతో తడిసిపోయింది. అమ్మ వాకిట్లో బీడీలు చేస్తోంది. చేట పక్కన పెట్టి లేచి నీళ్లిచ్చింది. ఆయన రెండు గ్లాసులు తాగి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు.

"నిన్నొకటి అడుగుదమని వచ్చిన రజితా. స్వప్న ఇంట్ల నాతోని మాట్లాడుత లేదు. మల్ల మన జట్టుకే వస్తనంటున్నది. విజయ మేడమ్ సరే అన్నది. నువ్వు మల్ల మీ ఊరి జట్టుకు వస్తే ఆమె వస్తది. నీ సంతకం కావాలె."

కామారెడ్డి జట్టు అప్పటికే రాష్ట్ర పోటీలకు వెళ్లడం ఖాయమైంది. అక్కడ ఆడితే సర్టిఫికెట్ వస్తుంది, దాంతో ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు వస్తుంది. ఈ లెక్క నాకు అప్పటికే కంఠతా ఉంది. అమ్మ నా వైపు చూస్తోంది. నేను నేల చూస్తూ, "నేను రాను సార్. కామారెడ్డికే ఆడత," అన్నాను.

ఆయన ఒక్క మాట కూడా బతిమాలలేదు. కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే బిడ్డా. నువ్వు వద్దన్నవని ఎవలకు చెప్ప. గీ మాట ఈడ్నే ఉంటది," అని లేచారు. అమ్మ అన్నం తిని పొమ్మంది. బస్సుకు టైమైందన్నారు. ఆ వేళలో బస్సు లేదని ముగ్గురికీ తెలుసు.

రాష్ట్ర పోటీల్లో నేను ఒక్క బంతి కూడా వదల్లేదు. సార్ ప్రతిసారీ అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. నన్ను కొంచెం వేరుగా చూసి ఉంటే, ఒక్కరోజైనా ముఖం తిప్పుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆయన ఎప్పటిలాగే నా పక్కన వచ్చి నిలబడ్డారు. నాకు సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. స్వప్న ఆ సీజన్ తరువాత మళ్లీ గ్లౌజు తొడగలేదని విన్నాను. విని ఊరుకున్నాను.

సార్ పోయిన కొన్నాళ్లకు స్వప్న ఫోన్ చేసింది. సార్ ఇంట్లో ఉన్న బ్యాట్లూ గ్లౌజులూ మా బడికి ఇస్తానంది. ఆమె ఇప్పుడు కామారెడ్డిలోనే ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. వెళ్లాను. ఇద్దరం నేల మీద కూర్చుని సామాను సర్దుతుంటే ఆమే మాట తీసింది.

"మా బాపు మంచోడే రజితా. కని ఒక్కటి నా మనసుల పట్టేసింది. నన్ను మల్ల తీస్కపో అని ఏడ్చిన. ఏమన్నడో ఎరికేనా? 'నాకు రజిత కావాలె, నువ్వు గాడ్నే ఆడు' అన్నడు. పొద్దుగాల లేశి ఇంట్ల అందరికి ఆయనే చాయ్ పెడ్తుండె. పెండ్లయి పోయేదాంక నేను గా చాయ్ ముట్టలే."

నా చేతిలో బ్యాటు ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాను. నా మాట బయటికి రానివ్వనని మా వాకిట్లో అన్న మనిషి, దాన్ని కూతురి ముందు తన మాటగా చేసుకున్నారు. అంత దూరం ఆలోచించే తెలివి నాకు ఆ వయసులో లేదనుకుందాం. తరువాత పదిహేనేళ్లు ఉంది కదా. ఆయన బతికుండగా ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చాను!

చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం ఆయన రావడం, కాగితం, నా జవాబు, అంతా. ఆమె అరుస్తుందనుకున్నాను, లేచి పొమ్మంటుందనుకున్నాను. సర్దుతున్న గ్లౌజును ఒళ్లో పెట్టుకుంది.

"నా కోసం వచ్చిండా?" అంది.

"వచ్చిండు."

"ఏ చొక్కా ఏసుకున్నడు?"

"తెల్లది. ఇస్త్రీ చేసింది."

"ఆయన ఉన్నప్పుడు చెప్తే ఏం పోతుండె నీకు?" అంది. ఆమె కళ్లు తుడుచుకుని, "మల్ల చెప్పు. వాకిట్లకు వచ్చిన కాడికెల్లి చెప్పు," అంది.

మళ్లీ చెప్పాను. ఇప్పుడు మేం అప్పుడప్పుడు కలుస్తాం. ప్రతిసారీ కాకపోయినా, కొన్నిసార్లు ఆమె ఆ రోజు సంగతి అడుగుతుంది. ఆయన ఎలా వచ్చారో, ఏ మాట ముందు అన్నారో, నీళ్లు ఎన్ని తాగారో చెబుతాను. ఆమె తండ్రి ఆమె కోసం ఒక ఆదివారం ఎండలో బస్సెక్కి వచ్చారని చెప్పడానికి మా అమ్మ కూడా ఇప్పుడు లేదు, నేనొక్కదాన్నే మిగిలాను. చెబుతూ చెబుతూ నేను రానన్న చోటికి వస్తాను. అక్కడ గొంతు తగ్గించకుండా, ఆ మాటను కూడా ఉన్నదున్నట్టు చెబుతాను.