ట్రేస్ ఆపితే తెగిపోయిన కనెక్షన్లు

2011 సెప్టెంబరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రెండో వారంలో ఉంది. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఆరో అంతస్తులో ఉండేది. ఆర్టీసీ బస్సులు తిరగడం లేదు. ఆఫీసు క్యాబులు సాయంత్రం నాలుగింటికే బయల్దేరేవి. మధ్యాహ్నం కరెంటు పోతే లైట్లు, కంప్యూటర్లు జనరేటర్ మీద నడిచేవి, ఏసీ మాత్రం నడిచేది కాదు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు.

మేం సి భాషలో ఒక నెట్‌వర్కింగ్ లైబ్రరీ తయారుచేసేవాళ్ళం. రెండు యంత్రాల మధ్య కనెక్షన్ తెరవడం, సమాచారం పంపడం, మూసేయడం దాని పని. ఇతరులు తమ ప్రోగ్రాముల్లో దాన్ని కలుపుకుంటారు. జరిగింది అర్థం కావడానికి రెండు మాటలు తెలిస్తే చాలు. ఒకటి మాక్రో. పదేపదే రాయాల్సిన కోడ్‌కు ఒక పొట్టి పేరు పెట్టుకుంటాం. కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చూసేలోపే ఆ పేరు తొలగి, దాని చోట అసలు కోడ్ వచ్చి కూర్చుంటుంది. రెండోది డీబగ్ ట్రేస్. ప్రోగ్రాం తాను ఏం చేస్తోందో ఎప్పటికప్పుడు ఫైల్లో రాసిపెట్టుకోవడం. మా ట్రేస్ కూడా ఒక మాక్రోయే. మేం పరీక్షించుకునే ప్రతిలో, అంటే డీబగ్ బిల్డ్‌లో, అది పనిచేస్తుంది. కస్టమర్‌కిచ్చే రిలీజ్ బిల్డ్‌లో వేగం కోసం దాన్ని ఖాళీ చేస్తాం, ట్రేస్ లైన్లన్నీ మాయమవుతాయి.

కొత్త వెర్షన్ తీసుకున్న ఒక కస్టమర్ దగ్గర, కాసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్లన్నీ తెగిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. మా దగ్గర ఒక్కటీ తెగలేదు. సంగతేమిటో చూద్దామని ట్రేస్ ఉన్న బిల్డ్ పంపితే అక్కడా తెగలేదు. ట్రేస్ తీసేస్తే మళ్ళీ తెగుతున్నాయి. వెతకబోతే దాక్కునే తప్పు కన్నా మా వృత్తిలో మనిషిని విసిగించేది మరొకటి లేదు.

ఆ వెర్షన్‌లో కనెక్షన్ల భాగం రాసింది నరసింహ. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి హఫీజ్‌పేటలో గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. చేరి ఆరు నెలలైంది. ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అనే మీటింగ్ ఆ శుక్రవారమే. ఆగస్టులో ధర్నాకి వెళ్ళడానికి సెలవు పెట్టాడు. సెలవుకి ముందు సాయంత్రమే ఈ కోడ్ పూర్తిచేసి ఉమ్మడి కోడ్‌లో కలిపి, అంటే చెక్-ఇన్ చేసి, వెళ్ళాడు.

మంగళవారం మీటింగ్‌లో మా మేనేజర్ ఆ తేదీ చదివి వినిపించాడు. "మనసేమో రోడ్డు మీద, చెయ్యేమో కీబోర్డు మీద. ఇలా కాక ఇంకెలా ఉంటుందండీ? శుక్రవారంలోగా కస్టమర్‌కి కారణం రాసి ఫారం పంపాలి. బాధ్యుల గడిలో ఏ పేరు రాయాలో వేరే చెప్పక్కర్లేదు."

బయటికొచ్చాక నరసింహ నన్ను ఆపాడు. "అన్నా, నా లైన్ల తప్పుంటే చూపియ్యి, ఒప్పుకుంట. గని ధర్నాకు పోయిన్నని కొల్వు పీకుతరా? గిదేం లెక్క?"

"జర ఆగు, చూద్దాం" అన్నాను. నాది జనగామ. నేను ఒక్క ధర్నాకీ వెళ్ళలేదు. అతని కళ్ళలోకి చూసి మాట్లాడలేకపోయాను.

కారణం వెతికే పని సుజాత గారికీ నాకూ అప్పగించారు. ఆవిడది తెనాలి. ఈ లైబ్రరీ మొదటి లైన్లు రాసింది ఆవిడే. ఏ పనికైనా ముందు జాబితా రాసుకోవడం నా అలవాటు. తొమ్మిది అనుమానాలు వరుసగా రాసి, ప్రింటు తీసి ఆవిడకిచ్చాను. టైమర్, బఫర్ పరిమాణం, కంపైలర్ సెట్టింగులు, ఇలా. నాలుగోది: "నరసింహ చెక్-ఇన్, హడావుడి."

ఆవిడ పెన్సిల్ అక్కడ ఆగింది. "దీన్ని ఎలా పరీక్షిస్తారండీ?"

"పరీక్షంటే... మేనేజర్ గారు కూడా అదే అన్నారు కదండీ."

"ఆయన మాటని డీబగ్గర్‌లో ఎక్కించలేం కదా. పరీక్షించలేనిది జాబితాలో ఎందుకు? కొట్టేయండి."

కొట్టేశాను.

ఆవిడ పద్ధతి నేనెక్కడా చూడనిది. అసలు కోడ్ తెరవనే లేదు. "మనం రాసింది కాదండీ, కంపైలర్ చదివింది చూడాలి" అంటూ, మాక్రోలన్నీ విడిపోయాక మిగిలే కోడ్‌ని డీబగ్ బిల్డ్‌కి ఒకటి, రిలీజ్ బిల్డ్‌కి ఒకటి ప్రింటు తీయించింది. బుధవారం మధ్యాహ్నం ఆ కాగితాలు బల్ల మీద పరిచి నరసింహని పిలవమంది. నేను సందేహించాను.

"ఆయన కోడ్ ఆయన లేకుండా ఎలా చదువుతామండీ?" అంది.

డీబగ్ కాగితాలు నరసింహ పైకి చదవాలి. రిలీజ్ కాగితాల మీద ఆవిడ స్టీలు స్కేలు పెట్టి ఒక్కో లైనూ దింపుకుంటూ వస్తుంది. రిలీజ్‌లో ఎలాగూ ఉండని ఉత్త ట్రేస్ లైన్లు వదిలేసి, రెండింట్లోనూ ఉన్నదానికి నేను టిక్కు పెట్టాలి. కరెంటు పోయింది. ఉక్కపోతలో చొక్కాలు వీపుకి అంటుకుంటున్నా ఆవిడ స్కేలు ఒక్క లైను దాటవేయలేదు. పదకొండో పేజీలో నరసింహ కీప్-అలైవ్ పంపే లైను చదివాడు. కీప్-అలైవ్ అంటే, మాటామంతీ లేని కనెక్షన్ మీద "నేనున్నాను" అని అప్పుడప్పుడూ పంపే చిన్న సందేశం.

స్కేలు ఆగింది. "ఇక్కడ లేదండీ. ఖాళీ లైను."

"లేకపోవుడేంది మేడమ్? నా చేత్తోని రాసిన!"

రాశాడు, నిజమే. కానీ ఆ సందేశం పంపే పనిని ట్రేస్ లైను బ్రాకెట్లలోనే పెట్టాడు, ఫలితం కూడా అక్కడే నమోదవుతుందని. ట్రేస్ ఉన్నప్పుడు సందేశం వెళ్ళేది. రిలీజ్‌లో మాక్రో ఖాళీ కాగానే, రాసుకోవడంతో పాటు పంపడమూ పోయింది. "నేనున్నాను" అనే మాట వినపడక అవతలి యంత్రం కనెక్షన్ మూసేసింది.

నరసింహ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. "అయితే తప్పు నాదే మేడమ్. రాస్కోండ్రి."

"ఉండండి. ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"మన గైడ్ల నమూనా ఉన్నది కద. దాన్ని జూసి గట్లనే రాసిన. గది తప్పని నాకేమెరుక?"

కోడ్ ఎలా రాయాలో కొత్తవాళ్ళకి చెప్పే మా గైడ్‌ని ఆవిడ తెరిచింది. నమూనా ఉంది, బఫర్‌లో పోగైన సమాచారాన్ని పంపి దాన్ని ఖాళీ చేసే పని ట్రేస్ బ్రాకెట్లలోనే ఉంది. కింద ఆవిడ పేరు, 2005. ఆ రోజుల్లో ట్రేస్ అన్ని బిల్డ్‌లలోనూ ఉండేది. తర్వాత రిలీజ్‌లో దాన్ని ఖాళీ చేసినప్పుడు సరేనన్నదీ ఆవిడే. నమూనా మార్చడం మాత్రం ఎవరికీ తట్టలేదు. కనెక్షన్ మూసేటప్పుడు బఫర్ ఎలాగూ మరోసారి ఖాళీ అవుతుంది గనుక పాత చోట్ల నష్టం తెలియలేదు.

ఆవిడ తన పేరు మీద వేలు పెట్టి, నవ్వేసింది. "ఆరేళ్ళు! నన్ను నమ్మితే ఇదండీ సంగతి."

గురువారం మేనేజర్ ఫారం చూసి తలెత్తాడు. బాధ్యుల గడిలో సుజాత గారి పేరుంది. "మీ పేరెందుకండీ? లైను అతనిది. అసలే ఈ రోజుల్లో మనవాళ్ళ పేరు మనమే రాసి పంపుతామా?"

"మనవాళ్ళెవరో నాకు తెలీదండీ. నమూనా నాది. ఆయన గైడ్ చదివి, అందులో ఉన్నట్టే రాశారు. చదవని వాళ్ళు బతికిపోయారు."

"ఇవాళో రేపో మీ ప్రమోషన్..."

"తెలుసండీ. పేరు మార్చాలనుకుంటే మీరే మార్చి, మీ సంతకం పెట్టండి."

ఆయన మార్చలేదు. శుక్రవారం నరసింహ ఉద్యోగం ఖాయమైంది. సుజాత గారి ప్రమోషన్ ఏడాది వాయిదా పడింది. ఆ విషయం ఆవిడ మా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇలాంటి లైన్లు ఇంకా ఎన్నున్నాయో వెతికి సరిచేయమని ఆవిడ నరసింహకీ నాకూ చెప్పింది. ఆ పనిలో ఉండగా ఒకరోజు నరసింహకి నా నాలుగో అనుమానం సంగతి చెప్పేశాను.

"ఎరుకే అన్నా. ఒక కాపీ ప్రింటర్ మీదనే ఇడిసిపెట్టినవ్ గద" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. "గప్పుడే నాలుగు తిడ్దామనుకున్న. ఇగ పో, చాయ్ పోయించు."

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి నమూనా కోడ్ రాసిచ్చే పని నాది. ట్రేస్ బ్రాకెట్లలో పని పెట్టకూడదని వాళ్ళకి చెప్పడం తేలికే. నమూనా రాసేటప్పుడే చెయ్యి నెమ్మదిస్తుంది. ఎవరో ఒకరు దాన్ని పూర్తిగా నమ్మి, ఒక్క అక్షరం మార్చకుండా వాడతారు. ఏదైనా తేడా వచ్చిన రోజు గడిలో ఎవరి పేరు రాయాలో వాళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా, ప్రతి నమూనా కిందా నా పేరు రాసి ఇస్తాను.