మింగేసిన ఎర్రర్లు

మా ముత్తాతగారు ఊరికి మునసబు, తాతగారు రావులపాలెం పక్కన ముప్పై ఎకరాల అరటితోటకు ఆసామి, వీధిలో ఆయన చెప్పుల చప్పుడు వినబడితే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు; వారి వారసుణ్ణి నేను, రాజమండ్రిలో రెండు గదుల వాటాలో అద్దెకుంటూ కూడా ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దాటను. మొన్న మా అన్నయ్య మనవరాలు లాప్‌టాప్ తెచ్చి, “చూశారా తాతగారూ, ప్రోగ్రాంలో వచ్చే రెండు మూడు రకాల ఎర్రర్లని ఒక్క లైన్లో పట్టుకోవచ్చండి, కొత్త వెర్షన్లో బ్రాకెట్లు కూడా అక్కర్లేదు” అని మురిసిపోయింది.

నేను ఆఫీసులో ప్రోగ్రాములు రాసే రోజుల్లో, ప్రోగ్రాం నడుస్తుండగా రాగల ప్రతి తేడాకూ విడిగా ఓ భాగం రాసి, అది వస్తే ఏం చెయ్యాలో, ఎవరికి తెలియజెయ్యాలో వివరించాల్సి వచ్చేది. ఓపిక లేనివాళ్ళు అన్నిటికీ కలిపి ఒకే వల వేసి, లోపల ఖాళీగా వదిలేసేవారు; ఎర్రరొచ్చినా ప్రోగ్రాం ఎవరికీ చెప్పకుండా మింగేసేది. నేనూ వదిలేశాను గానీ, ఓపిక లేక కాదు. పొయ్యి వెలగని రోజున కూడా ఎవరైనా పలకరిస్తే “అంతా బాగానే ఉందండి” అనాలని, లోటు గడప దాటకూడదని నాన్నగారి శాసనం. నా ప్రోగ్రాములూ ఆ ఇంటి పిల్లల్లాగే పెరిగాయి.

వాటిలో ఒకటి అరటి గెలలకు లారీలు బుక్ చేసేది. ఒక వేసవిలో టెలిఫోను లైను తెగి, మూడు రోజులు ఒక్క బుకింగూ వెళ్ళకపోయినా తెరమీద అంతా సవ్యమనే చూపించింది. గెలలు యార్డులోనే పండి నల్లబడ్డాయి. “ఎర్రర్ వస్తే చెప్పొద్దాండీ? ఎవరు రాశారిది?” అని మేనేజరుగారు అందరి ముందూ అడిగారు. నన్ను అన్నయ్యగారూ అని పిలిచే పక్క సీటు అమ్మాయి నావైపు చూసింది. నేనేనండి అంటే సరిపోయేది. మునసబుగారి మునిమనవణ్ణి కదా, చొక్కా కాలరు సర్దుకుని తెరవైపు తిరిగాను. ఆ ఫైలు చివరిసారి ముట్టుకున్నది ఆమేనని తేల్చి, ఆమెను ఉద్యోగంలోంచి పంపించేశారు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే నిటారుగా కూర్చున్నాను, లేచి పోలేక, నిజం చెప్పలేక.

“మరి పట్టుకున్నాక లోపల ఏం రాయాలండి?” అంది మనవరాలు. ఎవరికో ఒకరికి తెలిసేలా రాయమన్నాను. పక్క సీటు అమ్మాయి సంగతి మాత్రం చెప్పలేదు. ఇంత తేలికగా రాసే రోజులొచ్చాయి, నాకు మాత్రం ‘నేనేనండి’ అనే ఆ ఒక్క లైనూ ఇప్పటికీ రాలేదు.

వెళ్తూ వెళ్తూ, “మీ తోట ఎలా ఉంది తాతగారూ? మా తాతయ్య అడగమన్నారు” అంది.

“అంతా బాగానే ఉందమ్మా” అన్నాను.

నా వంతుకు మిగిలిన ఆఖరి ఎకరం, పంపుషెడ్డుతో సహా, పోయినేడు అమ్మేశాను.